ఇంటిపేరున్న ఈగ

ఎండ.

తోటంతా ఎండ.

మిట్టమధ్యాహ్నం మామిడితోటలో ఆకు కదలదు. గాలి కూడా ఓ నీడ చూసుకుని పడుకుంటుంది. ముగ్గిన బేనీషా పండ్ల వాసన మాత్రం నేలమీద పాక్కుంటూ వచ్చి, పాదాల దగ్గర ఆగి, మెల్లిగా మోకాళ్ల దాకా లేస్తుంది.

ఏదీ కదలని ఆ వేళ — ఒక్కటి కదులుతుంది.

నలిపిన తులసాకు మీద వడ్లగింజంత ఈగ.

ముందుకాళ్లు రెండూ జోడించి రుద్దుకుంటుంది. మొహం తుడుచుకుంటుంది. మళ్లీ జోడిస్తుంది.

ఎవరికో దండం పెడుతున్నట్టు...

నా పేరు గురప్ప. పుత్తూరు దాటి కొండవైపు తిరిగితే వచ్చే మామిడితోటకు ముప్పై ఏళ్లుగా కాపలా కాస్తున్నాను. నేను బడికి పోయింది ఒక్కరోజు. ఆ రోజు అయ్యవారికి జ్వరం. మరుసటిరోజు నాకు జ్వరం. ఆ తర్వాత ఇద్దరం ఒకరినొకరు మరిచిపోయాం.

చదువు లేదు. నోరుంది.

మా తోటలో ఒక ఏడు కాసిన తోతాపురి కాయకు తొడిమ ఇక్కడుంటే ముక్కు తడ దాటి అరవనాట్లో దిగిందని చెప్పింది నేనే. మా నీలం పండ్ల వాసనకు రేణిగుంటలో రైలు తోలేవాడు నిద్రపోతే, రైలు కూడా పక్కకు ఒరిగి కాసేపు కునుకు తీసిందని చెప్పింది నేనే. కాలు విరిగిన ఈగను అగ్గిపెట్టెలో పెట్టుకుని పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించానని, దాని కాలికి కోడిగుడ్డు సొన ఎక్కువైపోతుందని ఈగ గుడ్డే కొట్టి పూశారని చెప్పింది కూడా నేనే.

వినేవాడు ఒకడున్నాడు. పాల్. తోటలో ట్రాక్టరు తోలతాడు. ఆదివారం ప్రార్థనకు పోతాడు. మిగతా ఆరు రోజులు నా కథలు వింటాడు. ఒక్కటీ నమ్మడు. నమ్మకపోయినా మరుసటిరోజు మళ్లీ వస్తాడు.

తులసి సంగతి కూడా అలాంటి కథే.

మా తాతల కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. కొబ్బరిచిప్పలో గుప్పెడు తులసాకు నలిపి, కాస్త మందు చల్లి, చెట్టుకొమ్మకు కడతాం. పండ్లలో పురుగు పెట్టే ఈగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలతాయి. వాలి, ఆకును నాకుతాయి. తోలినా పోవు. నాకినవి నాకినట్టే రాలిపోతాయి.

ఎందుకు వస్తాయో నాకు తెలియదు. తెలియనిచోటే కదా కథ మొలిచేది.

"అవి దర్శనానికి వస్తాండాయప్పా," అన్నాను పాల్‌తో ఒకరోజు. "మన పక్క ఈగలకు బక్తి శానా. తులసి కనిపిస్తే సాలు, క్యూ కడతాయి. అయితే ఒగటి — మొగోళ్లే వస్తారు. ఆడోళ్లు రారు."

"ఆడోళ్లేమైనారు?"

"ఇంటికాడ పిల్లోళ్లను సూసుకోవద్దా?"

"మా సర్చిలో ఆడోళ్లే ముందు కూచుంటారు," అన్నాడు పాల్, బీడీ ఆర్పుతూ. "మీ ఈగలకు బుద్ది తక్కువప్పా."

ఈ ఏడు కోతలు మొదలయ్యే ముందు తిరుపతి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కల్యాణవల్లి. వాళ్ల నాయన గుడిలో పారాయణం చేస్తారు. ఆమె యూనివర్సిటీలో ఈగల మీద పరిశోధన చేస్తోంది.

"ఈగల మీద సదువా?" అని నోరు తెరిచింది నా భార్య అలివేలమ్మ. అంతలో నిజంగానే ఒకటి అటు రావడంతో మూసేసింది.

ఆ అమ్మాయి పన్నెండు ప్లాస్టిక్ బాటిళ్లు తెచ్చింది. పక్కన బొక్క, లోపల ఏదో వాసన మందులో నానబెట్టిన చెక్కముక్క. పన్నెండు చెట్లకు కట్టింది. వారానికోసారి వచ్చి, లోపల పడిన ఈగలను ఏరి, స్పిరిట్ సీసాల్లో వేసుకుని పోయేది.

ఒకరోజు ఆమె పనిలో ఉండగా నా దర్శనం కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. పని ఆపింది.

"ఆడవి రావని నీకెవరు చెప్పినారు తాతా?"

"ఎవురు సెప్తారమ్మా. సూసినా. తోక కాడ సూది మాదిరి ఉండేది ఆడది. ఆ సూది ఉండేది ఒగటి కూడా తులసి కాడికి రాదు. కాయల మీదనే తిరగతాంటాది."

ఆమె చిన్న పుస్తకం తీసి రాసుకుంది.

నాకు చెమట పట్టింది. అరవై ఏళ్లలో నా మాటను ఒకరు రాసుకోవడం అదే మొదలు.

"నువ్వు చెప్పింది నిజం," అంది. "తులసిలో ఉండే వాసనే ఈ చెక్కలో కూడా ఉండేది. దానికి మగవే వస్తాయి. దాన్ని తాగి, ఒంట్లో అత్తరు చేసుకుని దాచుకుంటాయి. సందకాడ ఆ అత్తరు గాలిలో వదులుతాయి. అప్పుడు వస్తాయి... ఆడవి."

అబద్ధమనుకుని నేను చెప్పింది నిజం.

ఆ నిజం — నా అబద్ధం కంటే పెద్దది.

తులసి తాగి అత్తరు చేసుకునే ఈగ. ముప్పై ఏళ్లు నా చిప్పల్లో రాలిపోయినవన్నీ పెళ్లికి ముస్తాబవుతున్నవే...

ఆ పూట ఒక్క కథా చెప్పలేదు. పాల్ వచ్చి నా నుదురు పట్టి చూశాడు.

ఇంకో వారం ఆమె భూతద్దం తెచ్చి నా కంటికి పెట్టింది.

ముప్పై ఏళ్లుగా చంపుతున్నదాన్ని ఆ రోజు చూశాను.

కళ్లు... ఆకుపచ్చ కాదు. ఊదా కాదు. నెమలి మెడ. నల్లని వీపు, ఆ నలుపుకు అటూ ఇటూ రెండు పసుపు గీతలు, పంచె అంచుల్లా. వేలి మీద రెక్క పెట్టి చూస్తే దాని అవతల నా వేలి గీతలు కనిపించాయి. రెక్కలో నరాలు. ఏ ఈగ రెక్క చూసినా అవే దారులు, అవే మలుపులు. అంత చిన్నచోట అన్ని దారులు ఎవరు గీశారో, ఒక్కసారి కూడా చేయి వణకలేదు.

"నీ ఇంటిపేరేంది తాతా?"

"మేకల."

"మేకల గురప్ప. ముందు ఇంటిపేరు, వెనక నీ పేరు. ఈగలకు కూడా అంతే. ఇంటిపేరు బాక్ట్రోసెరా. మన మామిడి ఈగ పేరు డోర్సాలిస్."

బాక్ట్రోసెరా వారి డోర్సాలిస్.

నాలుగుసార్లు అనుకున్నాను. ఐదోసారికి నోరు తిరిగింది.

ఆ ఇల్లు చాలా పెద్దదట. పేరు పెట్టినవే నాలుగు వందలకు పైగా. దాదాపు అన్నీ ఎండ దేశాలవే. చలి పడదు — మాలాగే. మామిడి మీద బతికేది ఒకటి, జామను ఇష్టపడేది ఇంకొకటి. రెక్క అంచున గీత నిండుగా ఉంటే ఒక పేరు, చివర చుక్క మాత్రమే ఉంటే వేరే పేరు. గీతలూ చుక్కలూ చూసి తోబుట్టువులను విడదీయడమే ఆమె చదువు.

"గుమ్మడి పిందెల్లో పురుగు పెట్టే ఈగ ఉంది చూడు, అది కూడా మొన్నటిదాకా ఈ ఇంటిదే. తెలిసినవాళ్లు కూర్చుని, రక్తం పోల్చి చూసి, దాన్ని వేరు పెట్టినారు. ఇప్పుడు దాని ఇంటిపేరు వేరే."

"ఆ సంగతి దానికి తెలుసునా?"

"తెలీదు తాతా."

మా కొట్టం మీద పాకిన గుమ్మడి తీగ వైపు చూశాను. పిందె మీద ఒకటి నడుస్తోంది.

ఇంటిపేరు పోయింది. కొత్త ఇంటిపేరు వచ్చింది. అది మాత్రం నడుస్తోంది... పిందె మీద, నిన్నటి నడకే.

ఇంకొక సంగతి చెప్పింది. సముద్రం దాటి ఆఫ్రికాకు పోయిన ఈగ సంగతి. అక్కడివాళ్లు దాన్ని ఎప్పుడూ చూడలేదు. కొత్తదనుకున్నారు. కొత్త పేరు పెట్టారు. పదేళ్లు ఆ పేరుతోనే బతికింది, పిల్లల్ని కన్నది, దొరికిన పండల్లా పాడుచేసింది. తర్వాత ఎవరో పక్కపక్కన పెట్టి చూస్తే — అది మన డోర్సాలిస్.

మారుపేరుతో పదేళ్లు. దేశం కాని దేశంలో. వడ్లగింజంత ఈగ.

పరిగెత్తుకుని పోయి పాల్‌కు చెప్పాను.

"ఈసారి శానా ఎత్తుకు పోయినావప్పా," అన్నాడు.

"ఒట్టు."

"ఒట్టేస్తాండావంటే ఇంకా పెద్ద అబద్దం."

జూన్ నెల మధ్యలో, ఒక శనివారం పొద్దున, కొండకు దగ్గరగా ఉన్న చివరి చెట్టు బాటిల్ దించింది కల్యాణవల్లి. ఈగలను తెల్లకాగితం మీద పోసి చిమటాతో వేరుచేస్తోంది.

చిమటా ఆగింది.

"తాతా... ఇట్ల రా."

వంగి చూశాను.

నల్లని వీపు నడుమ గుండ్రని పసుపు చుక్క. నుదుట బొట్టు పెట్టినంత కచ్చితంగా. రెక్కకు అడ్డంగా, సరిగ్గా మధ్యలో, పొగచూరిన పట్టీ ఒకటి.

"ఇట్లాంటిది నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు," అంది. "ఇంటిపేరు తెలుస్తా ఉంది. రెక్క నరాలు చూసినా, పొట్ట చూసినా ఆ ఇంటిదే. పేరే... లేదు."

ఇంటిపేరుంది. పేరు లేదు.

ఎన్నాళ్లుగా ఉందో ఈ కొండ కింద. మా నాయన కట్టిన చిప్పలోనూ పడి ఉంటుంది. వాళ్ల నాయన కట్టిన చిప్పలోనూ. ఎవరూ నీ పేరేమని అడగలేదు. అదీ చెప్పలేదు.

కొత్తదే అయితే దానికి పేరు పెడతారట. అందుకు ఒక ఈగ సూది మీద నిలబడాలి. దాని కింద చిన్న చీటీ — ఏ ఊరు, ఏ తోట, ఏ తేదీ, ఎవరు చూశారు. వందేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వచ్చినా, పెట్టె తెరిచి ఆ ఈగనే చూడాలి. ఆ చీటీనే చదవాలి.

వందేళ్లు.

నా మాటకు ఈగ సాక్ష్యం.

రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆమె ఫొటో తీసి వాళ్ల సారుకు పంపింది. కాసేపటికి ఫోను మోగింది. స్పీకర్లో పెట్టింది. నేను, అలివేలమ్మ, పాల్ చుట్టూ నిలబడ్డాం.

"ముందు ఆ చుక్కను స్పిరిట్‌తో కడుగమ్మా," అన్నాడాయన.

సన్నకుంచె ముంచి తాకించింది.

చుక్క కరిగింది.

తెల్లకాగితం మీద పసుపు మరక పాకింది. వంటింటి పసుపు.

ఆమె బాటిల్ తిప్పి చూసింది. బొక్క చుట్టూ పసుపు పూసి ఉంది. పైన కుంకుమ. పరిగెత్తి చూశాను — పన్నెండింటికీ.

వెనక్కి వచ్చి అలివేలమ్మ ముందు నిలబడ్డాను.

"ఏమట్ల సూస్తావు?" అంది. "నిన్న సుక్కురారం పెట్టినా. కొత్త వస్తువు వచ్చినాక పసుపు కుంకం లేకుండా ఎట్లుంటాది? మోటారుకు పెట్టినా. పాల్ ట్రాక్టరుకు, ఆయనొద్దన్నా పెట్టినా. ఈ బిడ్డ బాటిళ్లు ఏం పాపం సేసినాయి?"

"బొక్కలో దూరేటప్పుడు వీపుకు అంటుకున్యాది," అన్నాడు పాల్. నవ్వాపుకోవడానికి చూశాడు, కుదరలేదు. "ఈగ కూడా నీ పెండ్లాం సేత బొట్టు పెట్టించుకుని పోయినాది గురప్పా. శానా బక్తి."

నేను నవ్వలేకపోయాను. జన్మకొక నిజం దొరికితే, నా ఇంటి పసుపే దాన్ని అబద్ధం చేసింది.

కల్యాణవల్లి మాత్రం భూతద్దం దించలేదు.

కుంచె మళ్లీ ముంచింది. మళ్లీ కడిగింది. మూడోసారి కడిగింది.

"చుక్క పోయింది," అంది. "రెక్క మీద పట్టీ పోలేదు."

సారు ఒప్పుకోలేదు. "ఒక్కటే దొరికింది. అది కూడా పసుపు పూసుకుని దొరికింది. కోడి పదిగుడ్లు పొదిగితే ఒక పిల్ల వంకరకాలితో పుట్టదా? ఇది కూడా అట్లాంటిదే కావచ్చు. ఇంకొకటి చూపించు. ఆడది చూపించు. లేదంటే రాయొద్దు."

ఆమె తన పరిశోధన పుస్తకం జూలై ఇరవై పొద్దునకు ఇచ్చేయాలి. ఆ తర్వాత ఈగల కోసం మా తోటకు వచ్చేవాళ్లెవరూ లేరు.

"దొరక్కపోతే ఈ ఈగ ఏమవుతాదమ్మా?"

"ఒక నంబరు వేసి సీసాలో పెడతారు తాతా."

"అంతేనా?"

"అంతే."

ఆడది కావాలి. తులసికి రానిది. బాటిల్లో పడనిది.

అది తన గుడ్లు పెట్టిన పండు వెతకాలి. ఆ పండును ఇసుక మీద పెట్టి, పురుగును ఇసుకలోకి దిగనిచ్చి, ఈగై లేచేదాకా కాచుకోవాలి.

కాచుకోవడం నా వృత్తి.

రాలిన మామిడిపండ్లన్నీ ఏరాం. సూదిపోటు కనిపించిన ప్రతి పండూ ఏరాం. పాల్ కూడా ట్రాక్టరు ఆపి ఏరాడు. ప్లాస్టిక్ టబ్బుల్లో ఇసుక పోసి, పైన పండ్లు పెట్టి, పలచని బట్టతో మూతికట్టాం.

బేనీషా పండ్లలోంచి వచ్చింది — డోర్సాలిస్.

తోతాపురిలోంచి — డోర్సాలిస్.

నీలాల్లోంచి — డోర్సాలిస్. డోర్సాలిస్. డోర్సాలిస్...

కల్యాణవల్లి ఒక్కొక్కదాన్నే చూసి, ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టేది. నిట్టూర్చేది కాదు. అది చూస్తే నాకు ఇంకా బాధ.

జూలై నెల వచ్చింది. తోటలో కాయ పలచబడింది.

ఒకరోజు ఆ చివరి చెట్టు కింద కూర్చున్నాను. ఇక్కడే కదా దొరికింది, ఇక్కడే కదా ఉండాలి అనుకుంటూ. పైన కొండ. కొండ మీద నుంచి ఏదో వాడిన తీపి వాసన దిగుతోంది... ఆగి ఆగి.

అప్పుడు తట్టింది.

పెళ్లికొడుకు ఒకడు మన వాకిట్లో కనిపించాడని, వాడిది ఈ ఊరేనని ఎందుకు అనుకున్నాం? వాసన పట్టుకుని ఎక్కడి నుంచి వచ్చాడో.

"అమ్మా," అన్నాను కల్యాణవల్లితో. "పిల్ల కావాలంటే వాళ్లూరికి పోవాల గదా. మనం మన ఇంట్లోనే ఎతకతాండాము."

ఆమె నా వైపు చూసింది. సంచి భుజానికి వేసుకుంది.

కొండ వాలులో పాలచెట్లున్నాయి. ఎవరూ నాటనివి. కొనవేలి గోరంత పసుపుపచ్చని పండ్లు. నోట్లో వేసుకుంటే పాలు కారి పెదాలు అతుక్కుంటాయి. మేకలు కాసేవాళ్లు, కోతులు, ఎలుగులు — తినేవాళ్లు వాళ్లే. రాలినవి రాళ్ల మధ్య మాగుతున్నాయి.

ఒక పండు తీసి భూతద్దం కింద పెట్టింది.

తొక్క మీద సూదిపోటు.

ఇంకొకటి. సూదిపోటు.

నా తువాలు పరిచి నింపాం. మెల్లిగా కొండ దిగాం. మూటను పసిబిడ్డలా మోసుకొచ్చాను.

మూడోరోజు పండ్లలోంచి పురుగులు బయటికొచ్చాయి. కాళ్లు లేవు. రెక్కలు లేవు. తెల్లగా, నూలుపోగంత. ఒకటి తన తోకను తానే నోటితో పట్టుకుంది. విల్లులా వంగింది. వదిలేసింది —

ఎగిరింది.

జానెడు దూరం ఎగిరి ఇసుకలో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. టబ్బులో వాన చినుకులు కింది నుంచి పైకి కురిసినట్టు...

పాల్ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వు సెప్పింటే నమ్మేవాణ్ని కాదు," అన్నాడు. బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు.

పురుగులన్నీ ఇసుకలో దిగిపోయాయి. పైన ఏమీ మిగల్లేదు. ఉత్త ఇసుక.

"లోపల ఏం సేస్తాంటాయమ్మా?"

"గింజ మాదిరి గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో పురుగు కరిగిపోతుంది తాతా. ఒళ్లంతా కరిగి, మళ్లీ మొదటి నుంచి కూడుకుంటుంది. కళ్లు, కాళ్లు, రెక్కలు... అన్నీ కొత్తవి."

కరిగిపోయి, మళ్లీ కూడుకోవడం.

నేనెన్ని కోతలు కోశాను. ఏనుగును మింగిన కప్పను చెప్పాను. నడిచిన కొండను చెప్పాను. ఇంత మాట మాత్రం నా నోట ఎన్నడూ రాలేదు. రానే రాదు. ఇది కల్పించడానికి చాలనంత చిన్నవాణ్ని నేను.

రోజులు గడిచాయి. టబ్బు కొట్టంలో మూల పెట్టి, చీమలెక్కకుండా కింద నీళ్ల పళ్లెం పెట్టాను. అన్నం అక్కడే తిన్నాను.

మధ్యలో శుక్రవారం వచ్చింది. అలివేలమ్మ తలంటుకుని, పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని, మోటారుకు పెట్టి, వాకిలికి పెట్టి, టబ్బు దగ్గరికి వచ్చింది.

నేను పళ్లెం వైపు చూశాను.

ఆమె వేలు పసుపులో ముంచింది. అలాగే నిలబడింది. ఇసుక వైపు చూసింది... చూసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

"పుట్టినాంక పెడతాలే," అంది ఎవరితోనో. పోయింది.

జూలై పంతొమ్మిది.

పొద్దునే కల్యాణవల్లి వచ్చింది. సంచిలో పుస్తకం ఉంది, అచ్చయిన కాగితాల కట్ట. అందులో ఒక్క కాగితం ఖాళీగా ఉంచింది. రేపు పది గంటలకు ఇవ్వాలి — ఆ కాగితం నింపి అయినా, తీసేసి అయినా.

టబ్బు ముందు కూర్చుంది. నేను కూర్చున్నాను. అలివేలమ్మ కూర్చుంది. పాల్ ట్రాక్టరు చెట్టు కింద వదిలి వచ్చి గడపలో కూర్చున్నాడు.

ఎనిమిది అయింది. తొమ్మిది అయింది.

"ఏదన్నా కథ సెప్పప్పా," అన్నాడు పాల్. "కూసుని కూసుని నడుము పట్టుకునిండాది."

వెతుక్కున్నాను. ముప్పై ఏళ్లుగా అడక్కుండానే వచ్చే కథ... ఒక్కటీ రాలేదు.

"నువ్వే సెప్పు," అన్నాను.

"నాకేం తెలుసు? నాకు నీవే తెలుసు."

అప్పుడు ఇసుకరవ్వ ఒకటి పక్కకు జరిగింది.

ఒక్క రవ్వ.

దాని పక్కన ఇంకొకటి.

కల్యాణవల్లి చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

ఇసుకలోంచి ఒక నుదురు లేచింది. నుదురు మధ్యలో చిన్న తిత్తి, ఊపిరి తీసినట్టు ఉబ్బింది. తగ్గింది. ఉబ్బింది. ఆ తిత్తితోనే ఇసుకను తోస్తోంది. ఒక్కో రవ్వా దానికి ఒక్కో రాతిగుండు. చేతులు ఇంకా లోపలే. నుదుటితో తలుపు తోసుకుని — ఈ లోకంలోకి.

ఒక కాలు వచ్చింది. రెండోది వచ్చింది.

బయటికొచ్చింది.

ఒళ్లంతా పాలిపోయిన గోధుమరంగు. గీత లేదు. చుక్క లేదు. రెక్కలు తడిసి నలిగిన బట్టల్లా వీపుకు అంటుకుని ఉన్నాయి. పుట్టిన బిడ్డల్లాగే అది కూడా ఇంకా ఎవరి పోలికా కాదు.

ఇసుక మీద రెండడుగులు వేసి, టబ్బు అంచు పట్టుకుని ఎక్కింది. తోక మా వైపు తిరిగింది.

తోక చివర సూది.

"ఆడది," అంది కల్యాణవల్లి.

"అదేనా?" అన్నాను.

"ఇంటిపేరు అదే."

"పేరు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంకా తెలీదు తాతా. ఇప్పుడే పుట్టింది కదా, రంగు దిగలేదు. డోర్సాలిస్ అయినా పుట్టినప్పుడు ఇట్లనే ఉంటుంది. రెక్క ఆరాలి. పట్టీ వస్తే వస్తుంది. లేదంటే రాదు."

"ఎంత సేపు?"

"ఒక పగలు. ఒక్కొక్కసారి ఇంకో పగలు కూడా."

రేపు పది గంటలకు పుస్తకం.

ఆమె సంచిలోని స్పిరిట్ సీసా తీసి పక్కన పెట్టింది. మూత తీయలేదు. కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. పెన్ను తీయలేదు.

పాల్ గడపలోంచి లేచి లోపలికి వచ్చి, మా వెనక నిలబడ్డాడు.

ఎండ ఎక్కింది. కొట్టం తాటాకుల సందులోంచి సన్నని వెలుగు కర్ర ఒకటి దిగి, టబ్బు అంచు మీద పడింది. ఈగ నడిచి నడిచి ఆ వెలుగులో ఆగింది.

రెక్కలు విప్పుకుంటోంది.

మడత తర్వాత మడత. నీళ్లకు రెక్కలొచ్చినట్టు. లోపల దారులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి... నేను భూతద్దంలో చూసిన ఆ దారులే, అవే మలుపులు, ఎవరూ ఇంకా నడవనివి.

మధ్యాహ్నమైంది. తోటలో ఎక్కడా ఆకు కదల్లేదు.

రెక్క ఒకసారి లేచింది. దాని నీడ ఇసుక మీద పడింది.

ఆ నీడ మధ్యలో, అడ్డంగా, పొగలాంటిదేదో ఉన్నట్టుంది —

లేనట్టుంది.

నలుగురం వంగి చూస్తున్నాం.

రెక్క దిగింది. మళ్లీ మెల్లిగా, ఆ ఎండలో అదొక్కటే... లేస్తోంది.